చూపు లేని పిల్లలకు ట్యాబ్ నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి దగ్గర హైస్కూల్లో పనిచేసే మేడమ్ అడిగారు: తరగతిలో ఒకబ్బాయికి అసలు చూపు లేదు, ఒకమ్మాయికి కొంచెం కనిపిస్తుంది, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు చేతికొచ్చాయి, ముందు ఏ యాప్ నేర్పాలి అని.

ముందు యాప్‌ల జోలికే పోకండి మేడమ్. ప్రకాశం జిల్లాలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఇలాంటి పిల్లలకే నేర్పుతుంటాను. మొదట వేళ్లకు అలవాటు కావాలి. టాక్‌బ్యాక్ అంటే తెర మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సౌకర్యం. అది ఆన్ చేశాక ఒకసారి తాకితే అక్కడేముందో చదువుతుంది, తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. ఒక వేలు కుడికి జరిపితే తర్వాతది, ఎడమకి జరిపితే వెనకది. పేజీ కదలాలంటే రెండు వేళ్లు. ఇది చేతికొచ్చేదాకా నేను కొత్తదేదీ చెప్పను. హోమ్ స్క్రీన్ మీద గడియారం వెతకమంటే చాలు, పోటీలు పడతారు.

పిల్లాడి వేలు పట్టుకుని మీరు తిప్పొద్దు. "ఇక్కడ నొక్కు" అనొద్దు, "కింద ఎడమ మూల" అనండి. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ దాచే ఆప్షన్ ఉంటుంది. అది పెట్టుకుని మీరే ఒక పూట వాడి చూడండి, పిల్లలు ఎక్కడ తడబడతారో ఇట్టే తెలుస్తుంది.

తెలుగు గొంతు వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. వేగం మొదట తగ్గించి పెడితే, తర్వాత వాళ్లే పెంచుకుంటారు. ఒంగోలు పిల్ల ఒకతె ఎంత వేగంగా పెట్టుకుందంటే, వాళ్లమ్మ "ఇదేం గోలే, రేడియోకి స్టేషన్ దొరకనట్టు" అంది. ఆ పిల్ల పాఠం మొత్తం అప్పజెప్పింది.

అసలు చిక్కు ఇంట్లో. తమ్ముడు గేమ్ కోసం టాక్‌బ్యాక్ ఆపేస్తాడు, ఇక ట్యాబ్ పలకదు. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే మళ్లీ వస్తుంది. ఆ షార్ట్‌కట్ సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి, ఆ అబ్బాయి చేతే పదేపదే చేయించండి.

కొంచెం కనిపించే అమ్మాయికి టాక్‌బ్యాక్ రుద్దొద్దు. అక్షరాలు పెద్దవి చేసి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టి చూడండి. కిటికీ వెలుగు తెర మీద పడకుండా కూర్చోబెట్టండి. కళ్లు త్వరగా అలిసిపోతుంటే అప్పుడు వినడం కూడా కలపొచ్చు.

పీడీఎఫ్‌ల సంగతి ముందే తెలుసుకోండి. స్కాన్ చేసిన పేజీ టాక్‌బ్యాక్‌కి బొమ్మే. అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని ఫాంట్లు) టైప్ చేసిన తెలుగు నోట్సయితే అర్థం లేని అక్షరాలు చదువుతుంది. యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మనం మెసేజ్ టైప్ చేసే మామూలు తెలుగులో ఉన్నవే ఇవ్వండి. స్కాన్ పేజీలైతే కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు వస్తాయి, తప్పులు మీరు దిద్దాలి.

బ్రెయిలీ మాత్రం మానిపించకండి. విని నేర్చుకున్నవాడికి శ, ష, స తేడా, ఒత్తులు చేతికి రావు.

మీ ట్యాబ్ ఏ కంపెనీదో రాయండి, ఆ షార్ట్‌కట్ ఏ మెనూలో ఉంటుందో చెప్తాను.