ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి ముందు ఒక పాస్ రషర్‌ని ఎలా అంచనా వేయాలి? శాక్‌ల లెక్క చూస్తే సరిపోదా?

సరిపోదండీ. కొత్తవాళ్లకి ఒక్క మాట: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీములు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెన్స్ ఆటగాడు పాస్ రషర్, బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే అది శాక్. మీరు చెప్పినదాన్ని బట్టి మీ లిస్టులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఒకడికి చివరి సీజన్‌లో 12 శాక్‌లు, ఇంకొకడికి 5. ఆఫీసు స్నేహితులతో ఆడే మాక్ డ్రాఫ్ట్‌లో (ఉత్తుత్తి డ్రాఫ్ట్‌లో) ఎవర్ని ముందు తీసుకోవాలన్నది మీ ప్రశ్న. ఆ రెండు అంకెల్నీ కాసేపు పక్కన పెట్టండి. శాక్ రాని స్నాప్‌లలో (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో ప్లేలో) వాడు ఏం చేశాడన్నదే నేను ముందు చూస్తాను, ఎందుకంటే కాలేజీలో ఎంత గొప్ప రషర్‌కైనా సీజన్ మొత్తం మీద సాధారణంగా పదో పదిహేనో శాక్‌లు వస్తాయి, క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్లే అవకాశాలు మాత్రం కొన్ని వందలుంటాయి. పైగా ఆ పదిహేనులో కొన్ని ఊరికే వచ్చినవి ఉంటాయి. వెనకాల బంతి అందుకునేవాళ్లని కాచే కవరేజ్ బాగుండి క్వార్టర్‌బ్యాక్ బంతి వేయలేక నిలబడిపోతే వచ్చినవి, పక్కవాడు తరిమితే వీడి చేతుల్లోకి వచ్చి పడినవి, అసలు ఎవరూ అడ్డుకోకుండా వదిలేసినవి. స్కోర్ షీట్‌లో అన్నిటికీ విలువ ఒకటే.

నాకు ఈ పట్టింపు మొదలైంది శాన్ ఆంటోనియోలో ఎమ్మెస్ చేసేటప్పుడు. అక్కడి యూనివర్సిటీ యూటీఎస్‌ఏ మ్యాచ్‌లకి అలమోడోమ్ స్టేడియంకి వెళ్లేవాణ్ణి. అప్పుడు మార్కస్ డావెన్‌పోర్ట్ అని ఒక డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ లైన్ చివర నిలబడే రషర్) ఉండేవాడు. 2017లో 8.5 శాక్‌లు, కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ అనే కాలేజీల గ్రూపులో ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. అంత పొడుగు మనిషి అంత వేగంగా రావడం చూస్తే స్టాండ్స్‌లో ఉన్న మనకే ఒళ్లు జలదరిస్తుంది. కానీ బంతిని వదిలేసి వాణ్ణే చూస్తూ కూర్చుంటే ఇంకోటి కనపడేది. మొదటి తోపుకి టాకిల్ (రషర్‌ని అడ్డుకునే ఆటగాడు) వెనక్కి పోతే సరే, టాకిల్ కాళ్లు నిలదొక్కుకున్నాడా, వీడు అక్కడే ఆగిపోయేవాడు, తర్వాత చేయడానికి ఇంకా ఏమీ నేర్చుకోలేదు. 2018 డ్రాఫ్ట్‌లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ తమ 27వ పిక్‌తో (ఎంపిక వంతుతో) పాటు మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ కూడా గ్రీన్ బే టీముకి ఇచ్చి, 14వ స్థానానికి ఎగబాకి మరీ వాణ్ణి తీసుకున్నారు.

అంతకు ముందు ఏడాదే అదే సెయింట్స్, అదే కాన్ఫరెన్స్ నుంచి, ఫ్లోరిడా అట్లాంటిక్‌లో ఆడిన ట్రే హెండ్రిక్సన్‌ని మూడో రౌండ్‌లో 103వ పిక్‌గా తెచ్చుకున్నారు. చేతులు పొట్టి అన్నారు, చిన్న స్కూల్ అన్నారు. వాడు 2020లో సెయింట్స్‌కి 13.5 శాక్‌లు చేసి, తర్వాత సిన్సినాటీ వెళ్లి 2023లో 17.5, 2024లో మళ్లీ 17.5 చేశాడు, 2024లో లీగ్ మొత్తంలో వాడే ఫస్ట్. డావెన్‌పోర్ట్‌కి అత్యుత్తమ సీజన్ 2021, 9 శాక్‌లు. న్యాయంగా చెప్పాలంటే అతన్ని గాయాలు చాలా దెబ్బతీశాయి, మొత్తం నైపుణ్యం మీదే నెట్టేయడం తప్పు. అయినా ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒంటి కొలతలకి ఎక్కువ ధర కట్టి, రెండో ఎత్తుకి (మొదటిది ఫలించనప్పుడు వేసే ఎత్తుకి) తక్కువ ధర కడతారని నాకనిపిస్తుంది.

ఆ రెండో ఎత్తు దగ్గరే నా అంచనా అంతా ఉంటుంది. కబడ్డీలో రెయిడర్ చెయ్యి చాచి ఒకణ్ణి తాకడం పెద్ద విషయం కాదు, చీలమండ పట్టుకున్నాక గీత దాకా ఎలా జారుకున్నాడన్నదే వాడి పనితనం. ఇక్కడా అంతే. బయటి నుంచి చుట్టి వెళ్దామనుకున్నాడు, టాకిల్ ముందే అక్కడికి చేరుకున్నాడు, అప్పుడు లోపలికి స్పిన్ వేశాడా, చేతిని కిందికి కొట్టి భుజం కింద నుంచి దూరాడా, లేక వేగాన్ని బలంగా మార్చి టాకిల్‌ని క్వార్టర్‌బ్యాక్ ఒళ్లో పడేసేలా తోశాడా? ఏదో ఒకటి చేస్తున్నాడంటే, మొదట్లో ఫలించకపోయినా, ఆ కుర్రాడికి ఆట అర్థమవుతున్నట్టు. ప్రతిసారీ అదే పరుగు తీసి అదే చోట ఆగుతుంటే, కాలేజీలో 12 శాక్‌లున్నా ఆదివారాల్లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లలో, కష్టమే. ఎన్‌ఎఫ్‌ఎల్ టాకిల్స్ మొదటి మూవ్‌కి పడిపోరు.

నేను చూసే పద్ధతి చెప్తాను. ఇప్పుడు డాలస్ వైపు ఉంటున్నాను, ప్రతి వసంతంలో ఇద్దరు స్నేహితులతో కలిసి కూర్చుని పాత మ్యాచ్‌లు పెట్టుకుంటాం. ముగ్గురివీ మూడు టీములు, కాబట్టి వాదనలకి లోటు లేదు. స్క్రీన్ పాస్‌లు (దగ్గర్లోనే ఇచ్చేసే పొట్టి పాస్‌లు), క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తేవి, పట్టీపట్టగానే విసిరేసేవి అన్నీ తీసేస్తాం. ఆ ప్లేలలో ఎవడైనా చేయగలిగేది తక్కువ. మిగిలేవి థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడెనిమిది గజాలు కావాల్సినప్పుడు, ఖచ్చితంగా బంతి విసురుతారని అందరికీ తెలిసినప్పుడు, టాకిల్ ఒక్కడే ఎదురున్న స్నాప్‌లు. ఒక్కోదాన్నీ ఆపి, వెనక్కి తిప్పి, రెండున్నర సెకన్లలోపు గెలిచాడా, ఆలస్యంగా గెలిచాడా, ఆగిపోయాడా, అసలు అడ్డే లేదా అని రాసుకుంటాం. చూసేటప్పుడు రషర్‌ని కాకుండా టాకిల్ కాళ్లని చూడండి, తొందరగా తెలుస్తుంది. టాకిల్ కంగారుగా వెనక్కి పరిగెత్తుతూ నడుము పక్కకి తిప్పేశాడంటే వాడికి వీడి మొదటి అడుగంటే భయం పుట్టిందని అర్థం. శాక్ రాకపోయినా మాకు అది గెలుపే.

ఇక బెండ్. వేగంగా పరిగెత్తేవాళ్లు బోలెడుమంది ఉంటారు, కానీ టాకిల్ భుజాన్ని దాటాక క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి కదా, ఆ మలుపులో వేగం తగ్గకుండా, లోపలి భుజాన్ని దాదాపు నేలకి దించి, చీలమండలు వంచి తిరగగలిగేవాళ్లు చాలా అరుదు. తిరగలేనివాడు క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటిపోతాడు, క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, పని అయిపోయింది. డెన్వర్ రషర్ వాన్ మిల్లర్ ఆట చూడండి, ముఖ్యంగా 2016 ఫిబ్రవరిలో జరిగిన ఫైనల్ సూపర్ బౌల్ 50, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ చేతిలోంచి రెండుసార్లు బంతి ఊడగొట్టిన మ్యాచ్. దీన్ని కోచ్‌లు కొంత మెరుగుపరచగలరేమో గానీ లేనివాడికి పుట్టించలేరు. అందుకే నా లెక్కలో చేతుల పని నేర్చుకోవాల్సిన కుర్రాడికి క్షమాపణ ఉంది, మలుపు తిరగలేనివాడికి చాలా తక్కువ ఉంది.

చేతుల పని నేర్పొచ్చని నమ్మకంగా ఎందుకంటున్నానంటే, మా వీధిలో ఒక అబ్బాయి హైస్కూల్‌లో డిఫెన్సివ్ ఎండ్ ఆడతాడు, వాడి ప్రాక్టీస్ చూడ్డానికి అప్పుడప్పుడు వెళ్తుంటాను. మొదట్లో వాడు ఎదుటివాడి ఛాతీ మీద చేతులేసి తోసేవాడు. కోచ్ ఆ ఏడాదంతా మణికట్టు మీద, మోచేతి మీద కొట్టడం నేర్పించాడు, అదీ ఎదుటివాడు చెయ్యి చాచే క్షణం కోసం ఆగి. తర్వాతి సీజన్‌కి వాడు వేరే ఆటగాడు. కాలేజీ కుర్రాడి టేప్‌లో కూడా సెప్టెంబర్ మ్యాచ్ ఒకటి, నవంబర్ మ్యాచ్ ఒకటి తీసి చూస్తాను. చేతులు మారాయంటే వాడు నేర్చుకునే రకం.

కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లకి పెట్టే శారీరక పరీక్షలు) గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఫార్టీ (నలభై గజాల పరుగు) టైమ్ టీవీలో బాగుంటుంది, కానీ రషర్ మ్యాచ్‌లో నలభై గజాలు నేరుగా పరిగెత్తేది ఎప్పుడో. మొదటి పది గజాల టైమ్ పనికొస్తుంది, మూడు కోన్‌ల చుట్టూ తిరిగే డ్రిల్ ఇంకా పనికొస్తుంది, మలుపు సంగతి కొంత చెప్తుంది కాబట్టి. ఆ డ్రిల్‌లో పేరున్న రషర్ల టైమ్‌లు: మిల్లర్ 6.70 సెకన్లు, ఏడన్ హచిన్సన్ 6.73, టీజే వాట్ 6.79. ఆ సైజు మనిషి ఏడు సెకన్లలోపు వచ్చాడంటే మళ్లీ టేప్ తిప్పి చూడాల్సిందే. కానీ వెర్నన్ గోల్‌స్టన్‌ని గుర్తుపెట్టుకోండి. ఒహాయో స్టేట్‌లో 2007లో 14 శాక్‌లు, 225 పౌండ్ల బరువు 37 సార్లు ఎత్తాడు, 2008లో జెట్స్ ఆరో పిక్‌గా తీసుకున్నారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క శాక్ కూడా లేదు. శాక్‌లూ ఉన్నాయి, కండా ఉంది! ఇటు చూస్తే టెరెల్ సగ్స్, అరిజోనా స్టేట్‌లో 2002లో 24 శాక్‌లు చేసి, ఫార్టీ నెమ్మదిగా పరిగెత్తాడని పదో పిక్ దాకా జారి, చివరికి 139 శాక్‌లతో ముగించాడు. అది చూసి నెమ్మదిగా పరిగెత్తితే ఏం పర్లేదనుకుంటే జార్విస్ జోన్స్ ఉన్నాడు, జార్జియాలో 14.5 శాక్‌లు, స్టీలర్స్ 2013లో 17వ పిక్‌గా తీసుకుంటే కెరీర్ మొత్తం మీద 6.

మీ 5 శాక్‌ల కుర్రాడి విషయంలో ఇది తప్పకుండా చూడండి: వాడి టీమ్ వాడికి ఏం పని ఇచ్చింది? డేనియెల్ హంటర్‌కి ఎల్‌ఎస్‌యూలో మూడేళ్లకి కలిపి 4.5 శాక్‌లే. అక్కడ వాణ్ణి ముందుకి దూకించడం కన్నా తన గ్యాప్ (లైన్‌లో తన వంతు సందు) కాచుకోమనడం ఎక్కువ. వైకింగ్స్ 2015లో మూడో రౌండ్‌లో తీసుకున్నారు, అప్పటికి వాడికి ఇరవై ఏళ్లే. 2018లో 14.5, 2019లో మళ్లీ 14.5. వయసు కూడా ఇక్కడే కలిసొస్తుంది. ఇరవై నాలుగేళ్లవాడు పంతొమ్మిదేళ్ల టాకిల్‌ని పక్కకి విసిరేస్తే నేను పెద్దగా పొంగిపోను. ఇరవై ఏళ్లవాడు అదే పని చేస్తే వెంటనే పేరు రాసుకుంటాను.

ఎదురుగా ఎవరున్నారన్నది కూడా ముఖ్యమే. డ్రాఫ్ట్‌లోకి వెళ్లే స్థాయి టాకిల్‌తో ఆడిన మ్యాచ్‌లు ఏరుకోండి. హచిన్సన్ 2021 నవంబర్‌లో ఒహాయో స్టేట్ మీద మూడు శాక్‌లు చేశాడు, అందరూ ఆ మ్యాచ్ హైలైట్సే చూస్తారు. నేను ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా వాణ్ణి అణిచేసిన మ్యాచ్ కూడా మొత్తం చూశాను. శాక్ లేదు, వాడి టీమ్ మిషిగన్ 34-11తో ఓడిపోయింది, ఐనా నాలుగో క్వార్టర్‌లో కూడా పరుగు ఆపలేదు. నాకు వాడి మీద గురి కుదిరింది ఆ మ్యాచ్‌తోనే. ఆ ఓపిక విషయంలో మా డాలస్ పక్కనున్న కాలీవిల్‌లో హైస్కూల్ ఆడిన మ్యాక్స్ క్రాస్బీని మించినవాణ్ణి నేను చూడలేదు, ఈస్టర్న్ మిషిగన్ నుంచి వచ్చి 106వ పిక్ దాకా ఎవరూ తీసుకోలేదు.

మనకి అందని విషయం ఒక్కటే, మెడికల్. లాయాటు లాటు మెడ గాయంతో వాషింగ్టన్‌లో ఆటే మానేయాల్సి వచ్చి, యూసీఎల్‌ఏకి మారి మళ్లీ ఆడి, 2023లో 13 శాక్‌లు చేసి, 2024లో డిఫెన్స్ ఆటగాళ్లందరిలో ముందుగా 15వ పిక్‌లో కోల్ట్స్‌కి వెళ్లాడు. డాక్టర్లు ఏం చూసి సరేనన్నారో వాళ్లకే తెలుస్తుంది. గాయాల చరిత్ర ఉన్నవాణ్ణి నేను మాక్‌లో ఒక రౌండ్ కిందికి జరుపుతాను తప్ప లిస్టులోంచి కొట్టేయను.

మీ ఇద్దరివీ ఒక్కొక్కరికి రెండు మ్యాచ్‌లు తీసుకోండి, ఒకటి బాగా ఆడింది, ఒకటి అణిగిపోయింది. థర్డ్ డౌన్‌లు మాత్రమే చూసి, ఆగిపోయిన స్నాప్‌లలో రెండో మూవ్ ఎన్నిసార్లు ప్రయత్నించాడో లెక్కేయండి. పేర్లు కింద కామెంట్‌లో పెడితే ఈ వారాంతం మేమూ చూసి మా లెక్క చెప్తాం.