అనంతపురంలో గేమింగ్ కంప్యూటర్ కట్టుకునేవారు లెక్క ఎస్‌ఎంపీఎస్ దగ్గర మొదలుపెట్టాలి

ఇంట్లో కంప్యూటర్ ఆటలాడుకోవడానికి ఆర్‌టీఎక్స్ 3060 పన్నెండు జీబీ గ్రాఫిక్స్ కార్డు మేలా, ఆర్‌టీఎక్స్ 4060 ఎనిమిది జీబీ కార్డు మేలా అని మీరు అడిగారు, అనంతపురంలో ఉంటామని కూడా రాశారు. ముందు దానికి జవాబు చెప్పేస్తాను. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్ మీద ఆడేవారు 4060 తీసుకోవడమే మంచిది. వేగం సంగతి అలా ఉంచితే, పూర్తి భారం మీద 3060 సుమారు 170 వాట్లు లాగుతుంది, 4060కు 115 వాట్లు సరిపోతాయి. ఆ మిగిలిన 55 వాట్లూ వేడిగా మారి మీ గదిలోకే వస్తాయి. మే నెలలో మిద్దె మీది గదిలో కూర్చునేవారికి అదెంత తేడాయో ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే మీరు పంపిన విడిభాగాల జాబితాలో నాకు కనిపించిన అసలు లోపం కార్డు దగ్గర లేదు. కార్డుకు ముప్పై వేలు కేటాయించిన మీరు ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బాకు, పదిహేను వందలు రాసుకున్నారు. రాయలసీమలో ఎవరైనా సరే మొదట ఎస్‌ఎంపీఎస్‌ను, తర్వాత కేబినెట్‌ను (భాగాలన్నీ బిగించే పెట్టెను), ఆ తర్వాతే కార్డును ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. కాదనేవారు మా కరెంటుతో వేసవి గడిపి ఉండరని అనుకుంటాను.

తాడిపత్రిలో ఉండే మా మేనల్లుడు ఇంటర్ కాగానే ఇంట్లో పట్టుబట్టి ఒక దుకాణంలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాడు. ముందువైపు గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు, చూడటానికి పెళ్ళి పందిరిలా ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చేసరికి వాడు నాకు ఫోన్ చేశాడు. "మామా, లోపల టప్‌మనింది, కాలిన వాసనొస్తాండాది, స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు" అన్నాడు. నేను వెళ్ళి పక్క పలక ఊడదీసి చూస్తే, కార్డు వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో బూడిదరంగు పొడి మెత్తగా అట్టకట్టి ఉంది. వాళ్ళ ఇంటికి దగ్గర్లోనే బండల పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. ఎస్‌ఎంపీఎస్‌ను బయటికి తీసి చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలికగా ఉంది. దాని లేబుల్ మీద 600 వాట్లని పెద్ద అక్షరాలతో వేశారు, కింద చిన్న పట్టికలో మాత్రం 12 వోల్టుల లైనుకు 25 ఆంపియర్లని ఉంది. పన్నెండును ఇరవై అయిదుతో హెచ్చిస్తే వచ్చేది 300 వాట్లే. ఈ కాలపు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తమకు కావలసిన శక్తినంతా దాదాపుగా ఆ 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి కాబట్టి, పైన వేసిన 600 అన్న అంకె కొనేవాడిని మురిపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. జాలీలోంచి టార్చి వేసి చూస్తే ఒక కెపాసిటర్ తల ఉబ్బి కనిపించింది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ డబ్బాను ఇంట్లో ఎవరూ విప్పకూడదు. అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోయింది, కార్డు మాత్రం దక్కింది. దుకాణం ఆయన లేబుల్ వైపైనా చూడకుండా "కరెంటు దోషం సార్, వారంటీ రాదు" అనేశాడు.

కనుక మీరు ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు ఆ చిన్న పట్టికనే చదవండి. 4060కు తయారీదారు సూచించేది 550 వాట్లు, అందులో అధిక భాగం 12 వోల్టుల లైనులోనే ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ మీద కనిపించే 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది. వోల్టేజి పెరిగినప్పుడు ఆపుకొనే రక్షణ ఉందో లేదో విడిగా చూసుకోవాలి. అయిదేళ్ళ వారంటీ ఇవ్వని ఎస్‌ఎంపీఎస్‌ను నేనైతే ఇంట్లోకి రానివ్వను.

కేబినెట్ విషయంలో యూట్యూబ్ సమీక్షకుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. వాళ్ళు ఏసీ గదిలో, పాతిక డిగ్రీల దగ్గర కొలిచి కార్డు 70 డిగ్రీలు దాటలేదని చెబుతారు. ఫ్యాన్ల వేగం మారకపోతే గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, అంటే నలభై డిగ్రీల గదిలో అదే కార్డు 85 దగ్గర ఉంటుంది. ముందువైపు గాజు ఉన్న కేబినెట్‌లో అది ఇంకా పైకి పోతుంది. ముందు జాలీ, దాని వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్, లోపలికి గాలి పంపే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి పంపేది ఒకటి, ఇంతే చాలు. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల్లోంచి దూరకుండా ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. లైట్లకు పెట్టే డబ్బును అందుకు పెట్టండి.

ప్రాసెసర్‌కు రైజెన్ 5 5600 సరిపోతుంది, ర్యామ్ మాత్రం ఒకే 16 జీబీ ముక్కగా కాక రెండు 8 జీబీ ముక్కలుగా తీసుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దో (లైను కరెంటులాగే నున్నని అలలా కరెంటు ఇచ్చేదో) కాదో కనుక్కొని, దాని స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా కంప్యూటర్ ఆగిపోవచ్చు. చివరగా, కేబినెట్ ఇనుమును తాకితే వేళ్ళు జివ్వుమంటున్నాయంటే మీ ప్లగ్గుకు ఎర్తు అందడం లేదని అర్థం. మన నేల ఎండిపోతే ఎర్తింగ్ గుంత పనిచేయడం తగ్గిపోతుంది. పాత ఇళ్ళలో ఆ గుంత ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు. కార్డు ఆర్డర్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని చూపించండి, ఉప్పూ బొగ్గూ మార్పించండి, వేసవంతా అప్పుడప్పుడు అందులో ఒక బిందె నీళ్ళు పోస్తూ ఉండండి.