అసమీకరణాల జతను సమీకరణాల్లా కూడి, తీసివేసి సాధిస్తే జవాబు ఎందుకు తప్పుతోంది?

మీరు ఇచ్చిన లెక్క ఇది: ఎక్స్ + వై ≤ 6, ఎక్స్ − వై ≤ 2. సమీకరణాల జతను సాధించినట్లే రెండింటినీ కూడి ఎక్స్ ≤ 4 అనీ, మొదటిదానిలో నుంచి రెండోదాన్ని తీసివేసి వై ≤ 2 అనీ రాశారు. పుస్తకంలో జవాబుగా ఉన్న బొమ్మ దీనితో కలవడం లేదని అడిగారు.

చదువుకునే రోజుల్లో నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. మా ఉపాధ్యాయుడు జవాబును కొట్టివేయలేదు. పక్కన "(0, 5) వేసి చూడు" అని మాత్రం రాసి కాగితం తిరిగి ఇచ్చారు. వేసి చూస్తే 0 + 5 = 5, అది 6 కంటే తక్కువ; 0 − 5 = −5, అది 2 కంటే తక్కువ. రెండు అసమీకరణాలనూ తృప్తిపరిచే బిందువు నేను రాసిన వై ≤ 2 వల్ల బయటకు పోయింది. అనుమానం వచ్చి (4, −10) కూడా వేశాను. నా జవాబు ప్రకారం అది సాధనే, కానీ 4 − (−10) = 14 కాబట్టి రెండో అసమీకరణానికి అది సరిపోదు. ఉండవలసినవి పోయాయి, ఉండకూడనివి చేరాయి.

ఒకే దిశలో ఉన్న అసమీకరణాలను కూడవచ్చు గాని తీసివేయకూడదు. 5 ≤ 9, 1 ≤ 8 రెండూ నిజమే అయినా, తీసివేస్తే 4 ≤ 1 అనే అబద్ధం వస్తుంది. తీసివేయడమంటే రెండోదాన్ని −1తో గుణించి కూడటమే కదా. ఋణ సంఖ్యతో గుణించగానే గుర్తు తిరగబడుతుంది కనుక, అప్పుడు చేతిలో ఉండేవి ఎదురెదురు దిశల అసమీకరణాలు, వాటిని కూడే వీలు లేదు. ఇక కూడికతో వచ్చిన ఎక్స్ ≤ 4 నిజమే, కానీ అది ఆ రెండింటి నుంచి వచ్చే పర్యవసానం మాత్రమే. సమీకరణాలలోనైతే కొత్తదానితో పాటు పాతవాటిలో ఒకటి ఉంచుకుంటే రెండోదాన్ని తిరిగి రాబట్టవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పైన చెప్పిన (4, −10) బిందువు ఎక్స్ ≤ 4నూ, ఎక్స్ + వై ≤ 6నూ తృప్తిపరుస్తూనే రెండోదాన్ని ఉల్లంఘిస్తోంది.

సరైన బీజగణిత మార్గం ఉంది. రెండింటిలోనూ వైని ఒంటరిగా ఒక వైపుకు తెచ్చుకోండి. మొదటిది వై ≤ 6 − ఎక్స్ అని పై హద్దును, రెండోది వై ≥ ఎక్స్ − 2 అని కింది హద్దును ఇస్తాయి. వైకి విలువ దొరకాలంటే కింది హద్దు పై హద్దును దాటకూడదు: ఎక్స్ − 2 ≤ 6 − ఎక్స్, అంటే ఎక్స్ ≤ 4. కాబట్టి జవాబును ఇలా రాయాలి: ఎక్స్ విలువ 4 గాని అంతకంటే తక్కువ గాని కావచ్చు; అలాంటి ప్రతి ఎక్స్‌కూ వై విలువ ఎక్స్ − 2 నుంచి 6 − ఎక్స్ వరకు ఏదైనా కావచ్చు. ఈ రెండో భాగానికి బదులు వై ≤ 2 అని రాయడమే మన ఇద్దరి పొరపాటు. ఇలా కింది, పై హద్దులను పోల్చి ఒక చరరాశిని తొలగించడాన్ని ఫూరియే–మోట్స్‌కిన్ పద్ధతి అంటారు. చరరాశులు రెండు ఉన్నంతవరకు ఇది హాయిగా సాగుతుంది. అయితే ప్రతి కింది హద్దునూ ప్రతి పై హద్దుతో పోల్చాలి కనుక, 10 కింది హద్దులు, 10 పై హద్దులు ఉంటే ఒక్క చరరాశిని తొలగించేసరికే 100 అసమీకరణాలు తయారవుతాయి.

బొమ్మ గీసేటప్పుడు నాకు ఇంకొక చోట దెబ్బ తగిలింది. "తక్కువ" గుర్తు కనబడితే గీతకు కింది వైపు అని బట్టీ పట్టి, ఎక్స్ − వై ≤ 2కు కూడా కిందనే రంగు వేశాను. అక్కడ వై గుణకం ఋణం కనుక కావలసింది పై వైపు. ఆ సూత్రాన్ని మరిచిపోయి, గీత మీద లేని ఒక బిందువును వేసి చూడటం మేలు; గీత మూలబిందువు గుండా పోకపోతే (0, 0) చాలు, పోతే (1, 0) గాని (0, 1) గాని తీసుకోండి. కావలసిన వైపుకు బదులు అక్కరలేని వైపును గీతలతో నింపమని నా సలహా. అసమీకరణాలు నాలుగైదు ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడిన రంగులలో ఉమ్మడి భాగాన్ని వెతకడం కంటే, తెల్లగా మిగిలినదాన్ని చూడటం ఎంతో సులువు. మీ లెక్కలో మిగిలేది (4, 2) వద్ద మొనదేరి ఎడమ వైపుకు అంతులేకుండా విచ్చుకునే ప్రాంతం. దానికి ఎక్స్ ≥ 0, వై ≥ 0 కూడా చేర్చితే (0, 0), (2, 0), (4, 2), (0, 6) శీర్షాలుగా గల చతుర్భుజం వస్తుంది. గుర్తులో సమానం లేకపోతే ఆ గీతను చుక్కలతో గీయాలి. రెండు గీతలలో ఏ ఒక్కటి చుక్కల గీతైనా (4, 2) సాధన కాకుండా పోతుంది.

సాధన అసలు ఉందో లేదో జతలుగా సరిచూస్తే చాలదా అని చివరలో అడిగారు, చాలదు. ఎక్స్ ≥ 2, వై ≥ 2, ఎక్స్ + వై ≤ 3 తీసుకోండి: ఏ రెండింటికైనా ఉమ్మడి సాధనలు ఉన్నాయి, మూడింటికీ కలిపి ఒక్కటీ లేదు. అయితే హెల్లీ సిద్ధాంతం ప్రకారం, రెండు చరరాశులలో ఇలాంటి రేఖీయ అసమీకరణాలు (హద్దు సరళరేఖగా ఉండేవి) ఎన్ని ఉన్నా, వాటి సంఖ్య పరిమితమైనప్పుడు, ప్రతి మూడింటికీ ఉమ్మడి సాధన ఉంటే అన్నింటికీ కలిపి కూడా ఉండి తీరుతుంది.