పీహెచ్‌డీ లేకుండా సత్యేంద్రనాథ్ బోస్ ప్రొఫెసర్ ఎలా అయ్యారు?

నల్లగొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న మీరు అడిగిన ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. పీహెచ్‌డీ లేని బోస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎలా కాగలిగారు? ఆయన పేరు నిలబెట్టిన లెక్క తరగతి గదిలో పొరపాటున దొరికిందనే కథ నిజమేనా? అంత పని చేసిన మనిషికి నోబెల్ బహుమతి ఎందుకు రాలేదు? నేను ఈ జిల్లాలోని డిగ్రీ కళాశాలల్లో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. నేను చదివింది తెలుగు మాధ్యమం, పాఠం చెప్పిందీ ఎక్కువగా తెలుగు మాధ్యమం పిల్లలకే. ఏటా సాంఖ్యక యాంత్రికశాస్త్రం (అసంఖ్యాక కణాల సగటు ప్రవర్తనను లెక్కించే శాఖ) పాఠంలో, కణాలను లెక్కపెట్టడానికి బోస్ చూపిన పద్ధతి అయిన బోస్-ఐన్‌స్టీన్ గణాంకాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఈ ప్రశ్నల్లో ఒకటైనా అడిగేవారు. బోస్ మొదట అధ్యాపకుడు, ఆ తరువాతే పరిశోధకుడు అన్న సంగతి గుర్తుంచుకుంటే మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తేలికవుతుందని నా అభిప్రాయం.

ఆయన 1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. తండ్రి సురేంద్రనాథ్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసేవారు. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే వంటి వారి దగ్గర చదువుకున్నారు. 1913లో బీఎస్సీలోనూ, 1915లో మిశ్రగణితం ఎమ్మెస్సీలోనూ ప్రథమ స్థానం ఆయనదే. రెండో స్థానంలో నిలిచిన సహాధ్యాయి మేఘనాద్ సాహా, తరువాత ఆయనా పేరున్న భౌతికశాస్త్రవేత్త అయ్యారు. చాలామంది మార్కుల దగ్గరే ఆగిపోతారు. బోస్ ఎలా తయారయ్యారో తెలుసుకోవాలంటే ఆ తరువాతి ఐదారేళ్లను చూడాలి.

అశుతోష్ ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయంలో కొత్తగా సైన్సు కళాశాల నెలకొల్పి, బోస్‌నూ సాహానూ అధ్యాపకులుగా తీసుకున్నారు. నిన్నమొన్నటి దాకా విద్యార్థులుగా ఉన్న ఈ ఇద్దరూ తమకే ఎవరూ నేర్పని క్వాంటం సిద్ధాంతాన్నీ, సాపేక్ష సిద్ధాంతాన్నీ ఇతరులకు నేర్పవలసి వచ్చింది. అవి మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు కావడంతో ఐరోపా పత్రికలు సరిగా అందేవి కావు, అందినా అసలు పని చాలావరకు జర్మన్ భాషలో ఉండేది. శివ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేస్తున్న బ్రూల్ అనే ఆచార్యుడి దగ్గర జర్మన్ పుస్తకాలు ఉన్నాయని తెలిసి వాటిని అడిగి తెచ్చుకుని, భాష నేర్చుకుంటూనే వాటిని చదివారు. ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా వ్యాసాలను ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి అనువదించగా, గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ముందుమాటతో కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ప్రచురించింది. బోస్ పేరు చెప్పినప్పుడు ఈ అనువాదానికి దక్కవలసినంత చోటు దక్కడం లేదు. వేరొకరి వ్యాసాన్ని మాటమాటా అనువదించే మనిషి దానిలో ఏ మెట్టునూ దాటవేయలేడు. 1924లో ఆయనకు అక్కరకొచ్చింది ఆ అలవాటే.

1921లో కొత్తగా మొదలైన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా, అంటే ప్రొఫెసరుకు కింది హోదాలో, చేరారు. అక్కడ ప్లాంక్ నియమాన్ని బోధించేటప్పుడు ఆయనకొక ఇబ్బంది ఎదురైంది. తన మీద పడే కాంతినంతా పీల్చుకునే వస్తువు వేడెక్కినప్పుడు వెలువరించే కాంతిలో, అంటే కృష్ణ వస్తు వికిరణంలో, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉంటుందో చెప్పే ఆ సూత్రంలో రెండు భాగాలుంటాయి. ఒక పెట్టెలో ఎన్ని రకాల కంపనాలకు వీలుందో లెక్కించేది మొదటి భాగం, ఒక్కో కంపనానికి సగటున ఎంత శక్తి వస్తుందో చెప్పేది రెండోది. రెండో భాగం క్వాంటం భావనతో వస్తుంది. మొదటి భాగాన్ని మాత్రం, కాంతిని తరంగంగా భావించే పాత సిద్ధాంతం నుంచే అందరూ తెచ్చుకునేవారు. శక్తి ముక్కలుగా ఉంటుందని ఒక చేత్తో చెబుతూ, అది అఖండంగా ప్రవహిస్తుందనే సిద్ధాంతాన్ని రెండో చేత్తో వాడుకోవడమన్నమాట. ఐన్‌స్టీన్ అంతకుముందు ఆ సూత్రాన్ని రాబట్టిన తీరు కూడా ఏదో ఒక చోట పాత సిద్ధాంతం మీద ఆనుకున్నదే. బోస్ తన వ్యాసాన్ని మొదలుపెట్టింది సరిగ్గా ఈ అభ్యంతరంతోనే.

ఆయన చేసిన పని చెప్పడానికి సులభం, చేయడానికే ధైర్యం కావాలి. తరంగాలను పూర్తిగా పక్కన పెట్టి, కాంతిని కణాలతో నిండిన వాయువుగా తీసుకున్నారు. ఆ కణాల స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ కలిపి చూపే ఫేజ్ స్పేస్‌ను, ప్లాంక్ స్థిరాంకపు ఘనమంత పరిమాణం గల గదులుగా విభజించారు. కాంతి ధ్రువణానికి, అంటే అది కంపించే దిశకు, రెండు వీలున్నాయి కాబట్టి గదుల సంఖ్యను రెట్టింపు చేశారు. దాంతో తరంగ సిద్ధాంతం సాయం లేకుండానే మొదటి భాగం వచ్చేసింది. తరువాత ఆ గదుల్లో కణాలు ఎన్ని విధాలుగా సర్దుకోగలవో లెక్కపెట్టి మొత్తం నియమాన్ని రాబట్టారు. అసలు కొత్తదనం ఆ లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది.

తరగతిలో దీన్ని వామనగుంటలతో చెప్పేవాడిని. రెండు గుంటలు, రెండు చింతగింజలు తీసుకోండి. గింజల మీద ఒకటి, రెండు అని గుర్తు పెడితే వాటిని సర్దడానికి నాలుగు విధాలున్నాయి. రెండూ మొదటి గుంటలో వేయవచ్చు, రెండూ రెండో గుంటలో వేయవచ్చు, చెరొకటి వేయడానికి మరో రెండు విధాలు. అంటే రెండూ ఒకే గుంటలో పడే అవకాశం సగానికి సగం. ఇప్పుడు గింజల మధ్య ఏ తేడా లేదనుకోండి, గుర్తు పెట్టడం కూడా ప్రకృతి ఒప్పుకోదనుకోండి. చెరొకటి వేసే రెండు విధాలూ ఒకటైపోయి మొత్తం మూడు విధాలే మిగులుతాయి. ఆ మూడింటికీ సమాన అవకాశం ఇస్తే రెండూ ఒకే గుంటలో పడే అవకాశం మూడింట రెండు వంతులవుతుంది. కాంతి కణాలు ఈ రెండో లెక్కనే పాటిస్తాయి, అందుకే అవి ఒకే స్థితిలో గుమికూడడానికి మొగ్గుతాయి. చండూరు, నకిరేకల్, దేవరకొండ వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఈ ఆట తెలుసు. బోర్డు మీద సూత్రం రాసి చెప్పినప్పుడు తలలు దించుకుని రాసుకునేవారు, లెక్క ఇలా చెప్పినప్పుడు మాత్రం ఎందుకలా సమాన అవకాశం ఇవ్వాలని ఎదురు అడిగేవారు. నిజంగా అడగవలసిన ప్రశ్న అదే.

ఇక పొరపాటు కథ. బోస్ తరగతిలో పాత సిద్ధాంతం తప్పని నిరూపించబోయి, సంభావ్యతలో చిన్న తప్పు చేసి, అనుకోకుండా సరైన జవాబు రాబట్టారని ఆ కథ చెబుతుంది. నేను దీన్ని తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు పేజీల ఆ వ్యాసాన్ని ఇంగ్లీషు అనువాదంలోనైనా చదివితే, ఏ ఇబ్బందిని తొలగించడానికి తాను కూర్చున్నారో ఆయనకు స్పష్టంగా తెలుసని అర్థమవుతుంది. పైగా 1924 తొలినాళ్లలో ఢాకా వచ్చిన సాహా, అప్పుడే వెలువడిన పౌలీ వ్యాసాన్నీ, ఐన్‌స్టీన్-ఎరెన్‌ఫెస్ట్ వ్యాసాన్నీ ఆయనకు చూపి, ఈ సమస్య మీద మాట్లాడారు. అయితే కణాలను వేరుచేసి గుర్తించలేమన్న మాటలోని లోతు తనకు అప్పుడే పూర్తిగా తట్టలేదని, తాను అంత కొత్త పని చేస్తున్నాననుకోలేదని బోస్ తరువాతి కాలంలో స్వయంగా చెప్పారు. చేసిన పని పూర్తి పర్యవసానం తెలియకపోవడం వేరు, తప్పు చేయడం వేరు.

1924 జూన్ 4న ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపారు. ప్రచురణకు తగినదనిపిస్తే అనువదించి ఒక జర్మన్ పత్రికలో వేయించమని, మీకు నేను పరిచయం లేకపోయినా మీ రచనల ద్వారా మేమందరం మీ శిష్యులమేనని ఆ ఉత్తరంలో రాశారు. ఐన్‌స్టీన్ తానే జర్మన్‌లోకి అనువదించి, ఇది ముఖ్యమైన ముందడుగు అనే గమనికతో అచ్చుకు పంపారు. అదే పద్ధతిని ఐన్‌స్టీన్ కాంతికే కాక పదార్థపు పరమాణువులకూ వర్తింపజేసి, అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర పరమాణువులు పెద్ద సంఖ్యలో ఒకే స్థితిలోకి చేరతాయని 1925 నాటికి ఊహించారు. బోస్ వెంటనే పంపిన రెండో వ్యాసాన్ని కూడా ఐన్‌స్టీన్ అనువదించారు, కానీ దానితో తాను ఏకీభవించనని కింద రాసి మరీ అచ్చు వేయించారు. పాఠ్యపుస్తకాలు ఈ రెండో వ్యాసాన్ని ప్రస్తావించవు. పెద్దవారు మెచ్చుకోవడమే కాదు, బహిరంగంగా కాదనడమూ చదువులో భాగమేనని విద్యార్థులకు తెలియాలంటే అదీ చెప్పాలి.

ఐన్‌స్టీన్ పంపిన పోస్టుకార్డు చూశాక ఢాకా విశ్వవిద్యాలయం రెండేళ్ల సెలవు మంజూరు చేసింది. అదే కార్డు చూసి జర్మన్ కాన్సులేట్ వీసా రుసుము కూడా తీసుకోలేదని బోస్ చెప్పుకునేవారు. పారిస్‌లో భౌతికశాస్త్రవేత్త లాంజవాన్‌ను కలిశారు, మారిస్ డి బ్రోయి ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల పని నేర్చుకున్నారు. తన దగ్గర పనిచేయాలంటే ముందు ఫ్రెంచి బాగా నేర్చుకోవాలని మేరీ క్యూరీ చెప్పినప్పుడు, తనకు ఆ భాష వచ్చని చెప్పే అవకాశమే ఆయనకు దొరకలేదట. 1925 చివర బెర్లిన్ చేరి ఐన్‌స్టీన్‌ను ముఖాముఖి కలుసుకున్నారు. 1926లో ఢాకా తిరిగి వచ్చారు. అక్కడి ప్రొఫెసరు పదవికి ఐన్‌స్టీన్ సిఫార్సు ఉత్తరం ఇచ్చారు. ముందు దేవేంద్ర మోహన్ బోస్ అనే మరో భౌతికశాస్త్రవేత్తకు ఆ పదవి ఇవ్వజూపగా ఆయన అంగీకరించకపోవడంతో, 1927లో సత్యేంద్రనాథ్ బోస్ ప్రొఫెసరు, శాఖాధిపతి అయ్యారు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. అప్పట్లో మన దేశంలో డాక్టరేటు తప్పనిసరి అర్హత కాదు, చేసిన పనిని అంచనా వేయగలవారి మాటకు విలువ ఉండేది. కానీ దీన్ని పట్టుకుని నాకూ పీహెచ్‌డీ అక్కరలేదని మాత్రం అనుకోకండి. నేడు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడు కావాలన్నా నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు, పీహెచ్‌డీలలో ఏదో ఒకటి ఉండాలి. నా విద్యార్థుల్లో కొందరు ఎమ్మెస్సీతో ఆగిపోయి, బోస్ ఉదాహరణ చెప్పుకున్నారు. వాళ్ల చేతిలో ఆ నాలుగు పేజీలు లేవు, ఆయన ఆ పేజీలకు ముందు చదివిన చదువూ లేదు.

ఆ తరువాత బోస్ రాసిన పరిశోధన వ్యాసాలు తక్కువే. దీన్ని చాలామంది లోపంగా చూస్తారు, నేను చూడలేను. ఢాకాలో ఎక్స్-కిరణాల ప్రయోగశాల నిర్మించి, పరికరాలు తయారు చేయించి, విద్యార్థులను తీర్చిదిద్దారు. 1945లో కలకత్తాకు తిరిగి వచ్చి 1956 వరకు అక్కడి విశ్వవిద్యాలయంలో ఖైరా పేరిట ఉన్న ప్రొఫెసరు పదవిలో పనిచేశారు. 1950లలో, గురుత్వాకర్షణనూ విద్యుదయస్కాంతత్వాన్నీ ఒకే సిద్ధాంతంలో ఇమిడ్చే ప్రయత్నమైన ఏకీకృత క్షేత్ర సిద్ధాంతం మీద కొన్ని వ్యాసాలు రాశారు. విశ్వభారతి ఉపకులపతి పదవి, రాజ్యసభ సభ్యత్వం, 1954లో పద్మవిభూషణ్, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ఆ మరుసటి ఏడు జాతీయ ఆచార్య హోదా ఆయనకు వచ్చాయి. వీటన్నిటికంటె నాకు దగ్గరగా అనిపించేది 1948లో ఆయన స్థాపించిన వంగీయ విజ్ఞాన పరిషత్తు. బెంగాలీలో విజ్ఞానశాస్త్రాన్ని రాయించడానికి, చెప్పించడానికి పెట్టిన సంస్థ అది. అందుకోసం ఒక మాసపత్రిక నడిపారు. అంతకు పూర్వమే, 1937లో, ఠాగూర్ తాను బెంగాలీలో రాసిన విజ్ఞాన గ్రంథాన్ని బోస్‌కే అంకితమిచ్చారు.

మన ప్రాంతపు చరిత్ర తెలిసినవారికి ఈ విషయం ఇంకొంచెం లోతుగా తగులుతుంది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించింది, అందుకు కావలసిన పుస్తకాలను ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థ ద్వారా తయారు చేయించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని అలా నిరూపించిన నేల ఇదే. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఆ ఉర్దూ కూడా నేర్చుకుని దాటవలసిన గడపే. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక వచ్చిన పుస్తకాలతోనే మా తరం ఇంటర్, డిగ్రీ చదివింది. వాటిలోని భాష కొన్నిచోట్ల బరువుగా ఉండేది, అయినా ఆ పుస్తకాలు లేకపోతే నాలాంటి వారెందరో గణితంలో ఎంత చురుకుగా ఉన్నా భౌతికశాస్త్రం వైపు వచ్చేవారు కాదు. మాతృభాషలో విజ్ఞానం చెప్పలేమనేవారికి ఆ భాషైనా రాదు, విజ్ఞానమైనా తెలియదని బోస్ అన్నట్టు చెప్పుకుంటారు. నా అనుభవంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే బోస్ స్వయంగా జర్మన్, ఫ్రెంచి నేర్చుకున్నవారని కూడా మరిచిపోవద్దు. తెలుగులో అర్థం చేసుకోండి, ఇంగ్లీషులో మూలం చదవండి.

నోబెల్ సంగతి. ఆయన పేరును కొందరు భారతీయ శాస్త్రవేత్తలు 1950ల నుంచి ప్రతిపాదించారు. కమిటీ తరఫున పరిశీలించిన స్వీడన్ భౌతికశాస్త్రవేత్త ఆస్కార్ క్లైన్, ఆ పని బహుమతి స్థాయికి చేరదని అభిప్రాయపడ్డారు. నాకు ఆ తీర్పు అన్యాయంగానే తోస్తుంది. 1995లో కార్నెల్, వీమన్ రుబీడియం పరమాణువులను దాదాపు పరమ శూన్య ఉష్ణోగ్రతకు చల్లబరిచి, ఐన్‌స్టీన్ ఊహించిన ఆ ఒకే స్థితిని, అంటే బోస్-ఐన్‌స్టీన్ సంఘననాన్ని, ప్రయోగశాలలో చూపించారు. వారికీ, కెటర్లీకీ 2001లో నోబెల్ వచ్చింది. బోస్ 1974 ఫిబ్రవరి 4నే కన్నుమూశారు. ఈ గణాంకాలను పాటించే కణాలకు డిరాక్ పెట్టిన బోసాన్ అనే పేరు మాత్రం ఆయన బతికుండగానే పుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ 1924 వ్యాసాన్ని మీరు చదవదలిస్తే, ముందు మీ రెండో సంవత్సరం పుస్తకంలో ఫేజ్ స్పేస్ అధ్యాయాన్ని, స్టర్లింగ్ సూత్రాన్ని బాగా సాధన చేయండి. లగ్రాంజ్ గుణకాల పద్ధతి కొంత తెలిస్తే చాలు. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో పంక్తీ మీరే రాబట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ పంక్తిని ఇక్కడే రాయండి, తెలిసినంతవరకు తెలుగులోనే వివరిస్తాను.