వినేవారు, అనుమతి ఇచ్చేవారు

ప్రశ్న: ప్రపంచ రాజకీయాల మీద మా మిత్రుల మధ్య చర్చ వచ్చినప్పుడల్లా, ప్రభుత్వాల నిఘా ప్రస్తావన దగ్గర అది ‘అన్ని దేశాలూ చేస్తున్నదే కదా’ అనే మాటతో ఆగిపోతోంది. ఈ విషయంలో ప్రజాస్వామ్యానికీ నియంతృత్వానికీ నిజంగా తేడా ఉన్నదా?

జవాబు: ఉన్నది. అయితే ఆ తేడా కోసం నిఘా ఉన్నదా లేదా అని చూస్తే దొరకదు. ఫోను వినాలని కోరేవారు ఒకరు, అనుమతి ఇచ్చేవారు వేరొకరు, హద్దు మీరితే నిలదీసేవారు ఇంకొకరు అయ్యారా లేదా అన్నది చూడాలి. తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు సంస్థకు 1989 నాటికి సుమారు 91,000 మంది ఉద్యోగులు ఉండేవారు. దాని పనిని ప్రశ్నించగల స్వతంత్ర న్యాయస్థానం ఆ దేశంలో ఒక్కటీ లేదు. తమ గురించి ఏమి రాసి పెట్టారో చూసుకునే హక్కు అక్కడి ప్రజలకు ఆ రాజ్యం కూలిపోయి, 1991లో ప్రత్యేక చట్టం వచ్చిన తర్వాతే దక్కింది.

అమెరికా కథ వేరు, కానీ అదీ మచ్చలేనిది కాదు. మార్టిన్ లూథర్ కింగ్ వంటి పౌరహక్కుల నాయకుల మీద కూడా ప్రభుత్వ సంస్థలు ఏళ్ల తరబడి నిఘా పెట్టాయని 1970లలో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలోని సంఘం బయటపెట్టిన ఫలితంగానే 1978లో విదేశీ గూఢచర్య నిఘాకు హద్దులు పెట్టే ఫీసా చట్టం, దానితోపాటు ఆ నిఘాకు అనుమతులిచ్చే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడ్డాయి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఏడు వారాలు తిరగకుండానే వచ్చిన పేట్రియాట్ చట్టంలో, దర్యాప్తు కోసం రికార్డులను తెప్పించుకోవచ్చునన్న నిబంధన ఉండేది; ఆ రికార్డులు దర్యాప్తుకు ‘సంబంధించినవి’ కావాలన్న మాట 2006లో అందులో చేరింది. ఆ ఒక్క మాటను సాగదీసి, కోట్లాది మంది ఫోను రికార్డులన్నీ దర్యాప్తుకు సంబంధించినవేనని ప్రభుత్వం వాదించింది. ప్రభుత్వ వాదన ఒక్కటే వినే ఆ రహస్య న్యాయస్థానం దానికి ఒప్పుకున్నది. కోట్ల మంది అమెరికన్ల సమాచారాన్ని సేకరిస్తున్నారా అని 2013 మార్చిలో సెనేటర్ రాన్ వైడెన్ బహిరంగంగా అడిగితే, జాతీయ గూఢచార విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ లేదని జవాబిచ్చారు. ఆ జవాబు సరికాదని వైడెన్‌కు తెలుసు, కానీ రహస్య నియమాలకు కట్టుబడి నోరు విప్పలేకపోయారు. నిఘా కంటే ఈ ఘట్టమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే కాపలా కాయవలసిన చట్టసభ కళ్లకే ఇక్కడ గంతలు కట్టారు. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు జూన్‌లో వెలుగు చూశాకే దేశం ఈ సంగతి తెలుసుకున్నది. 2015లో కొత్త చట్టం ఆ మూకుమ్మడి సేకరణను ఆపింది. తప్పు జరగడం రెండు చోట్లా ఉన్నది. రాజ్యం కూలకుండానే ఆ తప్పును దిద్దుకునే దారి ఒక చోటే ఉన్నది. మీ మిత్రుల మాట ఆ దారిని కనిపించకుండా చేస్తుంది.

ప్రశ్న: మాటలు వినలేదని, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారన్న వివరాలే తీసుకున్నామని అప్పట్లో అధికారులు అన్నారు. దానివల్ల నష్టమేమిటి?

జవాబు: ఒక ఉద్యోగి తన శాఖలోని అవినీతి గురించి రాత్రి పదకొండింటికి ఒక విలేఖరికి ఫోను చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాడనుకోండి. మూడో రోజు ఆ వార్త అచ్చయితే, సమాచారం ఇచ్చినవాడెవరో పట్టుకోవడానికి వారి సంభాషణలో ఒక్క ముక్క కూడా వినవలసిన అవసరం లేదు. పైగా ఇంత సేకరించి సాధించినది కూడా లేదు. ఉగ్రవాద దర్యాప్తుల ఫలితాన్ని ఈ కార్యక్రమం నిర్దిష్టంగా మార్చిన సందర్భం ఒక్కటీ తమకు కనిపించలేదని అమెరికా ప్రభుత్వమే నియమించిన స్వతంత్ర పర్యవేక్షణ మండలి 2014 జనవరిలో నివేదించింది.

ప్రశ్న: ఈ రక్షణలన్నీ ఆయా దేశాల పౌరులకే కదా. బయటి దేశాలవారి మాటేమిటి?

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో చాలా పదునైనది ఇది. అమెరికా ఫీసా చట్టంలోని 702వ సెక్షన్ ఆ దేశం వెలుపల ఉన్న విదేశీయుల కోసమే 2008లో రూపొందింది. అందులో ఒక్కొక్క వ్యక్తికీ విడిగా వారెంట్ అక్కరలేదు, ఏడాదికొకసారి పద్ధతులకు న్యాయస్థానం ఆమోదం ఉంటే చాలు. అలా సేకరించిన రాశిలో అమెరికన్ల సమాచారం వెతకడానికైనా వారెంట్ ఉండాలన్న సవరణ 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 212–212 ఓట్లతో సమానమై వీగిపోయింది. ఆ హోరాహోరీ కూడా స్వదేశీయుల గురించే.

జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఫోను మీద అమెరికా నిఘా పెట్టిందన్న వార్త 2013 అక్టోబరులో వచ్చినప్పుడు, మిత్రుల మధ్య ఇది తగదని ఆమె అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకే జర్మనీ గూఢచార సంస్థ బీఎన్‌డీ కూడా మిత్ర దేశాల మీద కన్ను వేసిందని బయటపడింది. అక్కడితో ఆగితే మీ పక్కన కూర్చున్న ప్రతివారూ ‘చూశారా, అందరూ అంతే’ అంటారు. కానీ విదేశీ పాత్రికేయులు జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తలుపు తట్టారు. జర్మనీ ప్రభుత్వం విదేశాల్లోని విదేశీయుల మీద నిఘా పెట్టినా తమ రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని ఆ న్యాయస్థానం 2020 మే 19న తీర్పు చెప్పి, చట్టాన్ని 2021 చివరికల్లా మార్చాలని గడువు పెట్టింది.