విండోస్ చెరిపే ముందు ఒక మాట

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు విండోస్ తీసేసి లినక్స్ వేసుకుని, ఇకపై ఆటలన్నీ అందులోనే ఆడతానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇరవై ఏళ్లుగా లినక్స్ వాడుతున్నవాణ్ణి కనుక ఎంతో గర్వపడ్డాను, కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆటల గురించి నాకు బెంగ లేదు. 2018లో వాల్వ్ సంస్థ, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌ను తెచ్చినప్పటి నుంచి, విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్ కోసం రాసిన ఆదేశాలను అందులోని డీఎక్స్‌వీకే లాంటి భాగాలు అప్పటికప్పుడు లినక్స్‌లో నడిచే వల్కన్‌లోకి మార్చి ఇస్తున్నందువల్ల, ఒక్కరే ఆడుకునే ఆటలు చాలావరకు వాల్వ్ వాళ్ల ఆటల దుకాణం స్టీమ్‌లో మీట నొక్కగానే నడుస్తున్నాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం నడవవు. 2024 అక్టోబరు చివర ఏపెక్స్ లెజెండ్స్ కూడా లినక్స్ వాళ్లను ఆపేసింది. అది డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లోపం కాదు, మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ సంస్థలు తీసుకున్న నిర్ణయం. నీ స్నేహితులు ఆడేది ఏదో ముందే కనుక్కో.

నీది ఏఎండీ గ్రాఫిక్స్ కార్డయితే డ్రైవర్ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోను, మీసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోను సిద్ధంగా ఉండేది. నీది ఎన్విడియా. దాని కెర్నల్ మాడ్యూళ్ల సోర్సును 2022లో బయటపెట్టినా, మిగతా డ్రైవర్ ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. అందుకని నువ్వు ఎంచుకున్న లినక్స్ రకం (డిస్ట్రో) వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ భండారం, అంటే రిపాజిటరీలో ఉన్న డ్రైవర్‌నే వేసుకో. నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి పాస్‌వర్డు పెట్టమంటే, దాన్ని కాగితం మీద రాసుకో. రీబూట్ కాగానే మళ్లీ అడుగుతుంది. కంపెనీ సైట్ నుంచి ఫైలు దించుకుని చేత్తో వేసే పని మాత్రం చెయ్యకు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను.

2009లో నేను అదే చేశాను. నెల రోజులు అంతా బాగానే నడిచింది. ఒక రాత్రి అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చింది. నేను వేసిన డ్రైవర్ పాత కెర్నల్‌కు సరిపడేలా కట్టినది. అది ఉందన్న సంగతే సాఫ్ట్‌వేర్‌ను వేసి అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు కనుక, కొత్తదానికి మళ్లీ కట్టేవాళ్లు లేరు. రీబూట్ చేస్తే తెరంతా నలుపు, ఎడమ మూల పైన ఒక గీత మాత్రం మినుకుమినుకుమంటూ ఉంది. కంప్యూటర్ మొదలవగానే వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. అది తెలియక, భయంతో ఇన్‌స్టాల్ సీడీ పెట్టి, డిస్కు మొత్తం వాడుకోమన్న చోట టిక్కు పెట్టి ముందుకు నొక్కాను. అప్పటికి తెల్లవారుజామున మూడయింది. నా ఫైళ్లుండే హోమ్‌కు డిస్కులో వేరే భాగం (పార్టిషన్) లేదు. మీ తాతయ్య చివరి సంవత్సరంలో నేను తీసిన ఫోటోలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి, అన్నీ చెరిగిపోయాయి. పొలం గట్టు మీద చెంబు పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి నవ్విన ఫోటో ఒకటి ఉండేది; ఇప్పుడది నా కళ్లలో తప్ప ఎక్కడా లేదు. మీ నాన్నకు ఆ సంగతి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

తరువాత చుట్టాల ఇళ్లన్నీ తిరిగితే పదకొండు ఫోటోలు దొరికాయి. వాటి స్కాన్లు నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయని నీకు తెలుసో లేదో! నువ్వు తెలివైనవాడివే, కానీ తొందర ఎక్కువ, అది నా పోలికే. ముందు బయటి హార్డ్ డిస్కు ఒకటి కొను, డబ్బు నేను పంపుతాను. అందులోకి కాపీ చేశాక, వేరే కంప్యూటర్‌కు తగిలించి ఒక్కొక్క ఫోటో తెరిచి చూడు. ఆ తరువాత దాన్ని తీసి బీరువాలో పెట్టి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా పరవాలేదు, ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను.

నీ పెదనాన్న