చేపల సంగతి సరే, మీ అక్క సంగతేమిటి?

ప్రశ్న: మాది రాజమండ్రి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నాతో పనిచేసే కలకత్తా అబ్బాయితో పెళ్ళి కుదిరింది, రెండిళ్ళలోనూ ఒప్పుకున్నారు. ఫంక్షన్ హాల్లో వెయ్యి మందికి భోజనాలు పెట్టే పెళ్ళి మా ఇద్దరికీ ఇష్టం లేదు. ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో, సముద్రం ఒడ్డున, ఎనభై మందితో, రెండు పద్ధతులూ కలిపి, ప్రమాణాలు మేమే రాసుకుని చేసుకోవాలని కోరిక. ఫిబ్రవరిలో అనుకుంటున్నాం. వాళ్ళు సాయంత్రం లగ్నం అంటున్నారు, మా పంతులుగారు తెల్లవారుజాము అంటున్నారు. వాళ్ళకి చేప లేనిదే పెళ్ళి కాదు, మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకబెట్టరు. మా అక్కకి ఏడేళ్ళ క్రితం ఘనంగా పెళ్ళి చేశారు, అందుకోసం నాన్న కోనసీమలో కొబ్బరితోట అమ్మేశారు. మూడేళ్ళకి విడాకులయ్యాయి. ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరే ఉంటూ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఊళ్ళో పెళ్ళయితే అందరూ అక్క గురించే అడుగుతారని అమ్మకి టెన్షన్, అందుకే గోపాల్‌పూర్ అనగానే ముందు అమ్మే సరేనంది. పసుపు దంచేటప్పుడు, మంగళస్నానాలప్పుడు కొంచెం వెనకాల ఉండమని అక్కకి చెప్పింది. అక్క కూడా ‘నేను వంటల దగ్గర చూసుకుంటాలే’ అంది. ఖర్చులకి నాలుగు లక్షలు ఇస్తానని కూడా అంది. అత్తగారికి అక్క విడాకుల సంగతి ఇంకా చెప్పలేదు. ఎవరూ నొచ్చుకోకుండా ఈ రెండు సంప్రదాయాలూ ఎలా కలపాలి? (ఉత్తరం పెద్దది, కుదించి వేశాం.)

జవాబు: మీ అసలు ఉత్తరంలో చేపల గురించి దాదాపు ఒక పేజీ ఉంది. అక్క గురించి ఉన్నదంతా పైన చదివినంతే. అది కూడా మీరు సమస్య అని రాయలేదు, ఏర్పాట్లలో ఒకటిగా రాశారు, షామియానా వాడికి అడ్వాన్స్ ఇచ్చాం అన్నట్టు.

ముందు మీరడిగినవి తేల్చేస్తాను, అవి తేలికైనవి. మీరిద్దరూ హిందువులే కాబట్టి 1955 హిందూ వివాహ చట్టం మీకు సరిపోతుంది. అందులో ఏడో సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్ళి చెల్లుతుంది, రెండు తంతులూ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా చేసి పురోహితులిద్దరినీ, చుట్టాలందరినీ అలసగొట్టక్కర్లేదు. అయితే ప్రమాణాలు మీరే రాసుకుని, చదువుకుని, దండలు మార్చుకుని ఫొటోలు దిగితే చాలనుకోకండి. తంతు ఏదీ జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటి పుచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ ప్రమాణాలు ఏడడుగుల తర్వాత చదవండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. హోమం మాత్రం ఇసుకలో పెట్టకండి, గోపాల్‌పూర్ గాలికి అగ్నిహోత్రం నిలవదు, పంతులుగారి ఉత్తరీయం అంటుకుంటుంది. దిగిన చోట లోపల ముంగిలి లాంటిది ఉంటుంది కదా, అక్కడ చేసి, సముద్రం దగ్గరికి తర్వాత వెళ్ళండి.

ఫిబ్రవరి మంచి ఆలోచనే. ధనుర్మాసంలో మనం పెళ్ళిళ్ళు చేయం, ఇంచుమించు అవే రోజుల్లో వచ్చే పౌష్ నెలలో వాళ్ళూ చేయరు. మాఘ ఫాల్గుణాలు ఇద్దరికీ పనికొస్తాయి, మూఢం లేకుండా చూసుకోండి చాలు. పైగా అది తుపాన్ల కాలం కాదు. అక్టోబర్‌లో పెట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ తీరం సంగతి, 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. ముహూర్తం విషయంలో సాయంత్రం వైపు మొగ్గండి. ఎనభై మందిలో సగం పైన అరవై దాటినవాళ్ళే ఉంటారు, తెల్లవారుజామున మూడున్నరకి వాళ్ళని లేపి కూర్చోబెట్టడం పుణ్యం కాదు. మీ పంతులుగారు కూడా అడిగితే సాయంత్రం లగ్నం వెతుకుతారు, అడగాలి అంతే.

చేప. గాయే హొలుద్, అంటే వాళ్ళ పసుపు వేడుక రోజున అబ్బాయి వాళ్ళింటి నుంచి వచ్చే తత్త్వ (కానుకల) పళ్ళాల్లో పెద్ద రోహు చేపకి చీర కట్టి, ముక్కుపుడక పెట్టి పంపుతారు. వాళ్ళకి అది మన పసుపుకుంకాల్లాంటి శుభం. మీ నాన్నమ్మగారు ఉన్నారని రాశారు కదా, ఆవిడ ముందు ఆ పళ్ళెం దించితే ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. చేప ఆకారంలో అచ్చువేసిన సందేశ్ మిఠాయి చేస్తారు వాళ్ళు, అది పంపమనండి. అసలు చేప వాళ్ళ బసలోనే ఉంచుకుని వాళ్ళే వండుకుంటారు. వంటశాలలు రెండు, వడ్డన రెండు చోట్ల. మీరు శాకాహారి అన్న సంగతి బౌభాత్, అంటే అత్తవారింట్లో కొత్తకోడలు అందరికీ అన్నం వడ్డించే రోజుకి ముందే అత్తగారికి చెప్పేయండి, కొత్తకోడలు వడ్డించేటప్పుడు చేపల గిన్నె ఎవరు పట్టుకోవాలన్నది ఆరోజు తేల్చుకునే విషయం కాదు.

ఇక కలపడం అంటారా, చాలావరకు అవే కలిసి ఉన్నాయి. మన దగ్గర పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో తెస్తాడు, వాళ్ళ దగ్గర పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములు మోసుకొస్తారు. మనం మధ్యన తెర పట్టి జీలకర్ర బెల్లం పెట్టించి తెర తీస్తే, వాళ్ళ అమ్మాయి తమలపాకులతో మొహం కప్పుకుని, పెళ్ళికొడుకు చుట్టూ ఏడు ప్రదక్షిణలయ్యాక ఆకులు తీసి చూస్తుంది, దాన్నే శుభదృష్టి అంటారు. ఆ ఆకుల తోటే మన జీలకర్ర బెల్లం ముహూర్తం జరిపించేయొచ్చు, అందంగా ఉంటుంది కూడా. ఒక్కటి మాత్రం వద్దని చెప్పండి. వెళ్ళేటప్పుడు అమ్మాయి వెనక్కి గుప్పెడు బియ్యం విసిరి, అమ్మ కొంగులో పడేట్టు, ‘నీ ఋణం తీర్చుకున్నాను’ అంటుందే, ఆ కనకాంజలి. ఆ మాట అనం అని అక్కడి అమ్మాయిలే ఇప్పుడు చాలామంది మానేస్తున్నారు, కాబట్టి మీరు మానేస్తే కొత్తగా ఎవరూ నొచ్చుకోరు.

అయిపోయాయి. ఇప్పుడు మీరు అడగనిది.

పసుపు ముత్తయిదువులే దంచాలని మీ అమ్మగారు అంటున్నారు. గాయే హొలుద్ కూడా సుమంగళులే చేయాలని అక్కడి పెద్దవాళ్ళు అంటారు. తిండిలో, భాషలో, ముహూర్తంలో ఎక్కడా కలవని మీ రెండిళ్ళూ ఎవరూ కలపకుండానే ఒక్క మాట మీద నిలబడింది మీ అక్కని వెనకాల ఉంచే విషయంలో. వెయ్యి మందిని వద్దనుకున్నారు, ఫంక్షన్ హాలు వద్దనుకున్నారు, మంత్రాలకి తోడు మీ మాటలు మీరే రాసుకుంటామన్నారు, అన్నీ మాకు నచ్చినట్టు అన్నారు. మరి పాత పద్ధతుల్లో ఏమాత్రం మార్చకుండా ఉంచుకున్నది ఇదొక్కటేనా? ఇది మీకు నచ్చే ఉంచుకున్నారా?

అక్క కూడా ‘నేను వంటల దగ్గర చూసుకుంటాలే’ అందని రాశారు. అనకేం చేస్తుందమ్మా? తన పెళ్ళికి తండ్రి తోట పోయింది. ఆ పెళ్ళి నిలవలేదు. ఆ ఇంట్లోనే ఉంటూ, పొద్దున్నే కాలేజీకి వెళుతూ బతుకుతున్న మనిషిని తల్లి పక్కకి పిలిచి, ‘నువ్వు కాస్త వెనకాల ఉండమ్మా’ అంటే, గొడవపడుతుందా? చెల్లెలి పెళ్ళి ముందు పెట్టుకుని ఏ అక్క గొడవపడుతుంది? వంటల దగ్గర ఉంటాలే అని తనే దారి చూపించింది, మీకు ఇబ్బంది లేకుండా. మీరు దాన్ని ఒప్పుకోవడం అనుకున్నారు.

ఆ నాలుగు లక్షలు కూడా నాకు కానుకలా కనబడలేదు. తనవల్ల తోట పోయిందని, తనవల్ల చెల్లెలు పుట్టిన ఊళ్ళో పెళ్ళి చేసుకోలేకపోతోందని మనసులో ఒక లెక్క వేసుకుని జరిమానా కడుతోంది. ఎవరూ అడగకపోయినా కడుతోంది. మీ ఇంట్లో ఎవరో ఒకరు ‘నీవల్ల ఏమీ పోలేదు’ అని నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ డబ్బు మాట వచ్చేది కాదేమో. మీరు మాత్రం ఆ లెక్క చూసి ‘ఖర్చులకి సర్దుబాటైంది’ అనుకున్నారు.

మీ అమ్మగారిని తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఆవిడ ఒకసారి కల్యాణ మండపం నిండా జనాన్ని పిలిచి పెళ్ళి చేసి, తర్వాత ఆ జనానికే నాలుగేళ్ళుగా జవాబులు చెప్పుకుంటున్నారు. పేరంటాలకి వెళ్ళడం మానేసి ఉంటారు కూడా. ఆవిడకి గోపాల్‌పూర్ అంటే సముద్రం కాదు, ఆ ప్రశ్నలు అడిగేవాళ్ళు లేని చోటు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎనభై మందిని మీరే ఏరి ఏరి పిలుస్తున్నారు. ఆ ఎనభై మందిలో కూడా అక్కని చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఉంటే పేర్లు కొట్టేయండి, డెబ్భై మందే వస్తారు. చిన్న పెళ్ళి చేసుకోవడంలో ఉన్న సుఖమే అది.

మీది రాజమండ్రి అని రాశారు కాబట్టి ఈ మాట. కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబర్‌లో తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించింది మీ ఊళ్ళోనే. వంటవాళ్ళు రాకపోతే, నీళ్ళు మోసేవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి తనే నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. దానికి పాతికేళ్ళ ముందు, 1856లో, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుబట్టి చట్టం తెప్పించి, ఆ ఏడాదే మొదటి పెళ్ళి చేయించింది మీ కాబోయే అత్తగారి ఊళ్ళో. వితంతువుకి పీటల మీద చోటిచ్చిన ఊళ్ళు మీ రెండూ. మీరు విడాకులు తీసుకున్న అక్కకి పసుపు రోకలి అందించడానికి ఆలోచిస్తున్నారు.

ఏం చేయాలంటే, ముందు అబ్బాయితో మాట్లాడండి. అతనికి తెలుసు కదా. వాళ్ళమ్మగారికి చెప్పవలసింది అతను, ఈ వారంలోనే. ఆవిడ ఎలా తీసుకుంటారో పెళ్ళికి ముందు తెలుసుకోవడం మీకే మంచిది, తర్వాత తెలిస్తే మీరు మోసం చేశారంటారు, ఆ మాటలో అబద్ధమూ ఉండదు. ఇది చెప్పడానికి అతను వెనకాడితే చేప గురించి కాదు, అతని గురించి ఆలోచించుకోవాలి.

తర్వాత అక్కతో మాట్లాడటానికి రాజమండ్రి వెళ్ళండి. ఫోన్లో వద్దు. అమ్మ ఉన్న గదిలో కూడా వద్దు. పసుపు తనే దంచాలని, మంగళస్నానంలో మొదటి చెంబు తనే పోయాలని, పీట మీద మిమ్మల్ని మోసుకొచ్చేవాళ్ళలో తనూ ఒకతిగా ఉండాలని అడగండి. మీకు అన్నదమ్ములు లేరు, ఇంకెవరు మోస్తారు? అడిగేటప్పుడు ఏడవకండి, మీరు ఏడిస్తే ఆవిడ మిమ్మల్ని ఓదారుస్తూ కూర్చుంటుంది, అసలు మాట జరగదు. ఆలోచించుకోవడానికి టైం ఇవ్వండి. నిజంగానే ఆవిడకి నలుగురి ముందు నిలబడటం ఇష్టం లేదనుకోండి, ‘నా వల్ల కాదే’ అంటే బలవంతపెట్టకండి. మీ పెళ్ళిని సంస్కరణ వేదిక చేసి ఆవిడని అందులో బొమ్మలా నిలబెట్టే హక్కు మీకు లేదు. కానీ ఆ మాట ఆవిడ తనంతట తను అనాలి. ఒకరు అడిగాక అనాలి.

అమ్మగారికి ఆ తర్వాత చెప్పండి, అడగొద్దు, చెప్పండి. అరుస్తారు, రెండు రోజులు అన్నం మానేస్తారు, మీ నాన్నగారు మధ్యలో నలిగిపోతారు, ఇవన్నీ మన ఇళ్ళల్లో మామూలే. గట్టిగా నిలబడితే ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆవిడకీ లోపల అదే కావాలి.

డబ్బు సంగతి. ఆ నాలుగు లక్షలు ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోకండి. అక్క పీటల దగ్గరికి వచ్చినా సరే, రాకపోయినా సరే. మీరిద్దరూ బెంగళూరులో సంపాదిస్తున్నారు. సరిపోకపోతే గోపాల్‌పూర్‌లో మూడు రోజుల్ని రెండు రోజులు చేయండి, సంగీత్ ఎత్తేయండి. మీ బెంగాలీ చుట్టాలూ తెలుగు చుట్టాలూ కలిసి డాన్సులు చేయకపోతే ఎవరికీ ఏ లోటూ రాదు.